ముప్పై రెండో వంతు ఇల్లు

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. గద్వాల బస్టాండు పక్క సందులో పదకొండేళ్లు నాకు అన్నం పెట్టిన జిరాక్సు మిషను మీద ఒట్టు. ఇంత గట్టిగా ఒట్టు ఎందుకంటే, నేను పొద్దు పొడిచిందని చెప్పినా బయటికి వచ్చి చూసుకున్నాకే నమ్మే ఊరు మాది. వాళ్ల తప్పేం లేదు. గట్టు వైపు ఎండలకు కోళ్లు ఉడికిన గుడ్లే పెడతాయని చెప్పింది నేనే. పెబ్బేరు సంతలో ఒక ఎద్దు నన్ను ఎగాదిగా చూసి, తన యజమానితో "ఈయనకు మాత్రం అమ్మకు" అందని చెప్పిందీ నేనే. అవి వేరు. ఇది వేరు. ఇది మా మామ సంగతి, ఒక ఇంటి సంగతి. ఇందులో అబద్ధం ఆడితే నా కళ్లు పోతాయి.

మొన్న మా ఇంటి మీద ఒక గది వేయిస్తుంటే వడ్రంగి వచ్చి, "సార్, దర్వాజ ఎంత ఎత్తు పెట్టాలె?" అని అడిగాడు. లోకమంతా ఎంత పెడుతోందో అంత పెట్టమంటే సరిపోయేది. నా నోటి నుంచి మాత్రం, "అందులోంచి నడిచే మనిషి ఎంత ఎత్తని లెక్క?" అన్న మాట వచ్చింది. అతను నన్ను చూసి, తన చేతిలోని టేపును చూసి, "మీరే చెప్పాలె గదా సార్" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ ప్రశ్న నాది కాదు. రెండు వేల నాలుగులోనో ఐదులోనో, మా మామ అడిగిన ప్రశ్న అది. నేను సిమెంటు బస్తా మీద కూర్చుండిపోయాను. చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఇంట్లోవాళ్లు ఎండదెబ్బ తగిలిందనుకుని మజ్జిగ పంపించారు.

మామ అంటే మా నాయిన అక్క భర్త. నాకు మేనత్త మొగుడు. మార్కెట్ యార్డులో తూకాలు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. కొలతల విషయంలో ఆయనంత చాదస్తుణ్ని నేను మళ్లీ చూడలేదు. అన్నంలో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని అనడు, "గురిగింజెత్తు ఎక్కువైంది" అంటాడు. అత్త ఆ మాటకు, "త్రాసు తెచ్చి పెడత, నువ్వే కలుపుకో" అనేది. వాళ్లది కృష్ణ ఒడ్డున ఒక ఊరు. డ్యాం కట్టినప్పుడు నీళ్లలోకి పోయిన ఊళ్లలో అదొకటి. ఊరు మునుగుతుందని తెలిశాక జనం గోడలను వదిలేసి, దూలాలు, వాసాలు, స్తంభాలు, దర్వాజలు పీకి బండ్లకెత్తుకున్నారు. కొత్తచోట కట్టుకునేవాళ్లు కట్టుకున్నారు, మిగతావాళ్లు దారిలో అమ్ముకున్నారు. అందువల్ల ఆ ఊరు మునిగిపోయిందనడం పూర్తిగా సరికాదు. దాని గోడలే మునిగాయి. దాని తలుపులు పాలమూరంతా తిరుగుతున్నాయి. ఇప్పటికీ వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఎవరింటికైనా వెళ్లి, ఇంటికి మించిన దర్వాజ కనిపిస్తే నేను ఒక్క క్షణం ఆగుతాను. ఇది ఏ ఊరి నుంచి వచ్చిందో అని.

మామ దర్వాజను అమ్మేశాడు. ఆయన వెంట గద్వాలకు వచ్చిన ఆస్తిలో చెప్పుకోదగ్గది ఒక పాత బిస్కెట్ల డబ్బా. అందులో పదమూడు మంది సీసపు సిపాయిలు. వాళ్ల నాయిన, అంటే నేను చూడని ఆ పెద్దాయన, ఎక్కడో ఒక దొర గడీలో సామాను వేలం వేస్తుంటే అల్మారా కొనుక్కొచ్చాడట. ఇంటికొచ్చి సొరుగు లాగితే లోపల ఈ పదమూడు మంది పడుకుని ఉన్నారు. ఎర్ర కోట్లు, నల్ల బూట్లు, కొందరికి ముక్కులు లేవు, ఒకడికి తుపాకీ ఉంది గాని దాన్ని పట్టుకునే చెయ్యి లేదు. అల్మారాను చెదలు తిన్నాయి, సిపాయిలు మిగిలారు. వాళ్లలో టోపీ విరిగిపోయి బోడితలతో నిటారుగా నిలబడ్డ ఒకతను ఉండేవాడు. చిన్నప్పుడు మామ అతణ్ని 'నాయిన' అని పిలిచేవాడట. నాయిన పొలానికి పోతే ఆ సీసపు నాయిన ఇంట్లో కాపలా ఉండేవాడు.

నా జిరాక్సు దుకాణం పక్కనే ఫోటోలకు ఫ్రేములు కట్టే చాచా దుకాణం. సాయంత్రమైతే మామ అక్కడే. చాచా గోడల నిండా దండలు వేయడానికి సిద్ధంగా ఉన్న తాతలు, నాయినమ్మలు, పోయిన పోలీసు జమేదార్లు. ఒకరోజు చాచా ఒక పెద్దమనిషి ఫోటోకు అద్దం తుడుస్తూ, మామను చూడకుండానే అడిగాడు.

"సాబ్, ఇన్నేండ్ల సంది కూసుంటున్నరు. మీ నాయిన ఫోటో ఒక్కటి తెండి, ఖాలీ జాగ ఉంది."

"లేదు భాయ్. ఫోటో దిగితే ఆయుస్సు తగ్గుతదని దిగలే మా నాయిన."

"తగ్గలేదా మరి?"

"దిగకున్నా తగ్గింది."

చాచా మళ్లీ అద్దం తుడవసాగాడు. ఇలాంటి చోట మౌనం నాకు పడదు, ఏదో ఒకటి అనాలి. ఎవరో జిరాక్సుకు తెచ్చిన ఇంగ్లిషు పుస్తకంలో చూసిన బొమ్మ గుర్తొచ్చి చెప్పాను. దూరదేశాల్లో పెద్దపెద్దవాళ్లు ఇలాంటి సిపాయి బొమ్మలు పోగు చేస్తారని, వాటి చుట్టూ చిన్నచిన్న కోటలు, ఇళ్లు కట్టిస్తారని, ఒక్కటే నియమమని: బొమ్మ ఏ వంతులో ఉంటే ఇల్లు కూడా ఆ వంతులోనే ఉండాలి. లేకపోతే సిపాయి కోళ్లగూటి ముందు ఏనుగులాగా కనిపిస్తాడు, కాదంటే గడీలో తప్పిపోయిన ఎలుకలాగా. ఇది నిజంగానే పుస్తకంలో ఉంది. నేను చెప్పానని మామ నమ్మలేదు, రేపు ఆ పుస్తకం చూపించమన్నాడు. చూశాడు. ఆ మర్నాడు పొద్దున్నే బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని చాచా దుకాణం తాళం తీయకముందే మెట్ల మీద కూర్చున్నాడు.

"భాయ్, నా కాడ నాయిన ఫోటో లేదు గానీ నాయిన ఎత్తు ఉంది," అన్నాడు. "ఆరడుగులు. మా దర్వాజ ఐదున్నర అడుగులు, అమ్మెటప్పుడు నేనే కొలిపించిన. నాయిన దాంట్ల నుంచి వంగి లోపలికి వచ్చెటోడు. గా రూపు నా కండ్లల్ల ఉంది. ఇగో, ఈ బోడితలాయన మా నాయిన. ఈయనకు సరిపోయేటట్టు మా ఇల్లు కట్టియ్యి."

చాచా దగ్గర సన్న చెక్కలకు, సన్న రంపానికి, సహనానికి కొదవ లేదు. సిపాయిని బల్ల మీద నిలబెట్టి స్కేలు ఆనించాడు. రెండున్నర అంగుళాలన్నాడు. మామ స్కేలు లాక్కున్నాడు.

"కింద బిళ్లతోటి కలిపి కొలుస్తవేంది? చెప్పులతోటి ఎత్తు చూస్తరా మనిషిని?"

"బిళ్ల చెప్పు కాదు సాబ్, నేల."

"నేలను మనిషిల ఎట్ల కలుపుతవు మరి?"

బిళ్ల తీసేస్తే రెండుంబావు. ఆరడుగుల మనిషి రెండుంబావు అంగుళాలైతే ముప్పై రెండో వంతు అవుతుందని మామ గోడ మీద సుద్దతో లెక్క వేశాడు. ముప్పై రెండు అంటే సగాన్ని ఐదుసార్లు సగం చేయడమే కదా అని ఆయనకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. దర్జీ టేపు తెచ్చి నా మిషను అద్దం మీద పరిచి, సగం చేయమన్నాడు. ఆ కాగితాన్ని మళ్లీ సగం. మళ్లీ సగం. సిపాయిల లోకంలో వాడుకోవడానికి ఒక సిపాయి టేపు తయారవుతుందని ఆయన ఆశ. ఐదో సగం బయటికి వచ్చేసరికి అంకెలన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి సన్నని నల్లదారం మిగిలింది. చాచా దాన్ని వెలుతురుకు పట్టి, "ఇది టేపు కాదు సాబ్, సుర్మా గీత," అన్నాడు. మామ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, పారేయలేదు.

గోడల కొలతలకు మాత్రం ఊరికే వెళ్లాలి. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గితే ఆ ఊరి పునాదులు బయటపడతాయి. మే నెలలో మామ, అత్త, నేను వెళ్లాం. బురద ఎండి పలకలు పలకలుగా పగిలింది, కాలు వేస్తే పాపడంలా విరుగుతోంది. ఎక్కడ చూసినా మోకాలెత్తు రాళ్ల వరసలు, పగిలిన రోళ్లు, ఆల్చిప్పలు. చేపల వాసన. నీళ్ల కింద అన్నేళ్లు ఉన్నా వీధులు వీధుల్లాగానే ఉన్నాయి. అత్త మా ముందు నడుస్తూ పక్కిళ్ల వాళ్లను తలచుకుంటూ, ఒక రాళ్ల వరస దగ్గర ఆగింది. నేను టేపు పట్టుకుని ఆ రాళ్లు దాటి లోపలికి దూకాను.

"గోడల నుంచి నడుస్తవేందిరా దొంగోని లెక్క!" అని అరిచింది అత్త. "దర్వాజల నుంచి రా."

అక్కడ దర్వాజ లేదు. రెండు రాళ్ల మధ్య ఖాళీ ఉంది. అత్త ఆ ఖాళీ దగ్గరికి వెళ్లి, లేని గడపను దాటడానికి కుడికాలు పైకెత్తి లోపలికి అడుగుపెట్టింది. నేను మళ్లీ బయటికి వెళ్లి, అలాగే కాలెత్తి వచ్చాను. మామ మాత్రం కాలెత్తాడు, తల కూడా వంచాడు. అత్త చూసింది.

"తలెందుకు వంచుతున్నవు?"

"నాయిన వంచెటోడు గదా."

"మీ నాయినా? ఎప్పుడు?"

ఆ ఎండలో, కప్పు లేని వంటింట్లో నిలబడి వాళ్లిద్దరూ మొదలుపెట్టిన వాదం వానాకాలం దాకా సాగింది. అత్త అనడం, పెద్దాయన తనకంటే నాలుగు వేళ్లు మాత్రమే ఎత్తని, మహా అయితే ఐదడుగుల మూడు అంగుళాలని, దర్వాజలోంచి నిలువుగా వచ్చి నిలువుగా పోయేవాడని. మామ అనడం, కొత్తకోడలిగా ముసుగు వేసుకుని కాళ్లు చూసిన మనిషికి తల సంగతి ఏం తెలుస్తుందని.

"కాళ్లు చూసి గూడ చెప్త," అంది అత్త. "ఆరడుగులోని కాళ్లు గావు అవి."

ఇంట్లో ఇలా నవ్వులాటగానే ఉండేది. కాని ఒకరోజు దుకాణంలో ఎవరూ లేనప్పుడు మామ నా మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, గొంతు తగ్గించి అన్నాడు. "అల్లుడా, నాయిన పోయి ముప్పై ఐదేండ్లు దాటింది. నాకు ఆయన మొకం సరిగ్గ యాదికి లేదు. గొంతు లేదు. దర్వాజ కాడ తల వంచి లోపలికి వస్తున్న మనిషి, గదొక్కటే ఉంది. గదీ తప్పైతే నా కాడ ఇంగేముంది?" నేను ఏదో కథ చెప్పి నవ్వించాను. ఏం చెప్పానో గుర్తులేదు.

చాచా ఇల్లు లేపుతున్నాడు. మిద్దె ఇల్లు, వెలుతురు కోసం కప్పులో వదిలే గవాచితో సహా. గోడలకు చెక్క, చెక్క మీద జల్లెడ పట్టిన మట్టి, మట్టిలో జిగురు. వసారాకు నాలుగు స్తంభాలు, పెన్సిళ్లంత లావు. గోడకు బియ్యపు గింజలంత దీపపు గూళ్లు. దుకాణానికి ఫ్రేముల కోసం వచ్చినవాళ్లు పోయిన మనిషి ఫోటో చేతిలో పట్టుకునే ఆ ఇంటిని చూస్తూ నిలబడిపోయేవాళ్లు. గోడలు లేచాక దర్వాజ నిలబెట్టి, మామ బోడితల సిపాయిని గడప ముందు పెట్టాడు. తల దర్వాజ పైకమ్మీకి తగిలింది. గింజంత ఎక్కువ.

"చూసినవా?" అన్నాడు మామ. ఆయన మొహం అంతగా వెలగడం నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు. "వంగాలె. వంగాల్సిందే."

అత్త సద్ది తెచ్చి అక్కడే ఉంది. వంగి చూసి, "సీసపోడు ఎట్ల వంగుతడయ్యా?" అంది. "పదమూడు మందిల ఒక్కడు గూడ లోపలికి పోలేడు. ఎవ్వరూ రాలేని ఇల్లు కట్టిచ్చుకున్నవు."

అత్త నవ్వుతూనే అంది గాని మామ నవ్వలేదు. చాచా రంపం కింద పెట్టాడు. పెద్దాయన అత్త చెప్పినంతే ఉంటే లెక్క ముప్పై రెండు కాదు, ఇరవై ఎనిమిది అవుతుంది, అప్పుడు ఇల్లు పెరుగుతుంది, గోడలన్నీ మళ్లీ కోయాలి. "కప్పు వేసినంక మార్చరాదు సాబ్. జర ఖరారు చేసుకొని చెప్పున్రి," అన్నాడు. "పోయిన మనిషిని ఎట్ల ఖరారు చేస్తం భాయ్?" అన్నాడు మామ. అప్పుడు అత్తే చెప్పింది. దర్వాజ ఉంది కదా అని.

ఆ దర్వాజ చట్రంలో ఎడమవైపు నిలువు కమ్మీ మీద ఒక మరక ఉండేదట. పెద్దాయన రాత్రి భోంచేసి, గడపకు ఇవతల ఆ కమ్మీకి తల వెనక్కి ఆనించి నిలబడి చుట్ట కాల్చేవాడు. ముప్పై ఏళ్లు. తలకు రాసిన ఆముదమంతా ఆ టేకు కర్రలోకి ఇంకిపోయింది. ప్రతి పండక్కీ కుంకుడు నురుగుతో రుద్ది రుద్ది అత్త చేతులు మంట పుట్టేవి, మరక పోయేది కాదు. "నన్ను అరిగించిన మరక అది, అబద్ధం చెప్పదు," అంది.

దర్వాజ కొన్నది తిమ్మాజిపేట దగ్గరి ఒక రైతు. ముగ్గురం పొద్దున్నే బయల్దేరాం. పెబ్బేరులో బస్సు మారి, వనపర్తిలో మారి, నాగర్‌కర్నూల్‌లో మళ్లీ మారి, చివరికి ఆటో. దారి పొడవునా మామ కిటికీ వైపు కూర్చుని కరెంటు స్తంభాల ఎత్తు అంచనా వేస్తూ వచ్చాడు. ఆయన కంగారుగా ఉంటే అదే పని. అత్త బట్టసంచిలో సజ్జరొట్టెలు, పచ్చికారం. మామ తినలేదు.

ఇంటి ముందు ఒక ఆడమనిషి పల్లీలు ఒలుస్తోంది. సంగతి చెప్పాం.

"దర్వాజ కొలిచేతందుకు గద్వాల నుంచి వచ్చిన్రా? కొంటరా ఏంది?"

"కొనం తల్లీ, చూసి పోతం," అంది అత్త.

"చూస్తే ఏమొస్తది అక్కా?"

"ఈయన నాయిన వస్తడు."

ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసి, ముగ్గురికీ కలిపి మతి పోయిందని తేల్చుకున్నట్టుంది, లేచి నీళ్లు తెచ్చింది. దర్వాజకు ఆకుపచ్చ ఆయిల్ పెయింటు వేశారు. అంతా నున్నగా మెరుస్తోంది, ఎడమ కమ్మీ మీద ఒక్కచోట తప్ప. అక్కడ అరచెయ్యంత మేర రంగు పొక్కులు లేచి రాలిపోయి, కింద నల్లగా కర్ర కనిపిస్తోంది. "ఎన్నిసార్లు ఏసినా ఆడ నిల్వదు రంగు," అందామె. "ఏం జిడ్డో తెల్వదు." అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను టేపు పట్టాను. నేల నుంచి మరక నడిమికి నాలుగడుగుల పది అంగుళాలు. తల వెనక ఆనేచోటు నుంచి నడినెత్తికి ఇంకో ఐదు వేసుకున్నా ఐదడుగుల మూడు. అత్త చెప్పినంతే. మామ నా చేతిలోంచి టేపు తీసుకుని తానే కొలిచాడు. మళ్లీ కొలిచాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని గడప కింద వేలితో మట్టి గీరాడు.

"గడపను లోతుకు పాతిన్రు ఈడ. తొమ్మిది అంగుళాలు కిందికి పోయింది."

"పోలే పెద్దమనిషీ," అంది ఆ ఇంటామె మెత్తగా. "గడప గట్లనే ఉంది. కిందికి ఏం పోలే."

మామ లేవలేదు. అరవై ఏళ్ల మనిషి పరాయి ఇంటి గడప దగ్గర, వేలికి మట్టితో, అలా కూర్చుండిపోయాడు. పల్లీల చాట దగ్గర కోడి ఒకటి గింజలు తింటుంటే ఎవరూ అదిలించలేదు.

అప్పుడు అత్త ఆయన పక్కన కూర్చుంది. "ఓ అయ్యా, నువ్వు చూసింది అబద్ధం గాదు," అంది. "వంగెటోడు. మన పెద్దపిల్లను భుజాల మీద ఎక్కించుకొని వస్తుంటే, దాని తల తాకుతదని వంగి లోపలికి వచ్చెటోడు. నేను ఈ కండ్లతోటి చూసిన. నిన్ను గూడ గట్లనే తెచ్చి ఉంటడు. నువ్వు పైనుండి చూసినవు, గందుకే నీకు గంత ఎత్తు కనిపించిండు."

మామ లేచాడు. ఆ ఇంటామెను అడిగి, దర్వాజలోంచి లోపలికి ఒకసారి నడిచాడు. ఆయన ఐదడుగుల నాలుగు అంగుళాలు, తల వంచవలసిన అవసరం లేదు. అయినా వంగే వెళ్లాడు, భుజాల దగ్గర రెండు చేతులూ పైకెత్తి, ఎవరివో చిన్న కాళ్లు పట్టుకున్నట్టు. గద్వాలకు వచ్చి చాచాకు ఇరవై ఎనిమిది అని చెప్పాడు. చాచా గోడలన్నీ మళ్లీ కోశాడు, కప్పు వేశాడు, గవాచి పెట్టాడు. పదమూడు మంది సిపాయిలూ తల వంచకుండా లోపలికి వెళ్లి వచ్చారు. మామ మట్టితో గోరంత పిల్లవాణ్ని చేసి బోడితల సిపాయి భుజాల మీద కూర్చోబెట్టాడు. ఆ ఒక్క సిపాయి మాత్రం లోపలికి పట్టలేదు. ఎప్పుడూ గడప ముందే ఉండేవాడు, ఇప్పుడే పొలం నుంచి వచ్చినట్టు.

ఇక్కడ ఆపేస్తే బాగుండును. కాని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఏది కల్పించానో చెప్పాలి. పల్లీల చాట దగ్గర కోడి దాకా అంతా నిజం. ఆ తర్వాతది నాది.

అత్త మామ పక్కన కూర్చోలేదు. నిలబడే ఉంది. నెలల తరబడి వాదించి గెలిచిన మనిషి ఏమంటుందో అదే అంది: "చూసినవా? నేను చెప్పలే?" మామ దర్వాజలోంచి లోపలికి నడవలేదు. ఇంటామె ఇచ్చిన నీళ్లు తాగి, ఆమెకు దండం పెట్టి బయటికి వచ్చాడు. నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తి దాకా బస్సులో వేరే సీట్లో కూర్చున్నాడు. కరెంటు స్తంభాల వైపు కూడా చూడలేదు. చాచా ఒకటి రెండుసార్లు అడిగి, తర్వాత అడగడం మానేశాడు. కప్పు లేని ఆ ఇల్లు ఫ్రేముల మధ్య దుమ్ము పట్టి, దుకాణం మారినప్పుడు ముక్కలైంది. సిపాయిల డబ్బా మూత మామ మళ్లీ తీయగా నేను చూడలేదు. ఆయన పోయాక అత్త ఒకసారి నాతో, "ఆ పొద్దు నా నోరు పడిపోయినా బాగుండురా," అంది. ఆమె కూడా పోయింది.

మొన్నటేడు పెబ్బేరు సంతలో చాయ్ తాగుతున్నాను. ఎవరో రైతు, పొట్టివాడు, కొడుకును భుజాల మీద ఎక్కించుకుని ఎద్దులను చూసి చూసి హోటల్లోకి వచ్చాడు. తాటిపత్రి పరదా కింద వాడు వంగాడు. వాడి తలకు పరదా ఇంకా మూరెడు దూరంలో ఉంది. పిల్లవాడు తండ్రి జుట్టు పట్టుకుని, తండ్రితో పాటు తానూ వంగి, లోపలికి వచ్చాక కళ్లు విప్పార్చి చుట్టూ చూశాడు. గ్లాసు నా వేళ్లను కాలుస్తోందని నాకు తెలియలేదు. అత్త నోట నేను పెట్టిన మాటలు అప్పుడు తట్టాయి నాకు, ఆ గడప దగ్గర కాదు. ఊళ్లో ప్రతివాడికీ అడగకుండానే అబద్ధాలు అల్లి ఇచ్చినవాణ్ని, ఆ రోజు టేపు చుట్టుకుంటూ నోరు మూసుకుని నిలబడ్డాను.

అది అబద్ధమేనని కూడా నేను ఒట్టు వేయలేను. పెద్దాయన కొడుకును భుజాల మీద మోశాడో లేదో చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగలలేదు. కాలం దగ్గర అన్ని మాటలూ ఉంటాయి, ఇవ్వనని అనదు. వినవలసిన మనిషి వెళ్లిపోయిన తర్వాత, తీరిగ్గా తెచ్చి మన చేతిలో పెడుతుంది.